కరెంటు పట్టీలూ నా బొటనవేలూ

మూడేళ్లుగా మా బావమరిదిది ఒకటే మాట. "ఆ వేలు తీయించేసుకోండి బావగారూ, కాలైనా దక్కుతాది."

నేను కొబ్బరికాయలు వలిచేవాణ్ణి. వలిచే గునపాన్ని నేలలో పాతుతుంటే కాలి బొటనవేలికి గుచ్చుకుని పుండు పడింది. షుగరు వల్ల అది మానలేదు. ఆ వేలు ఆనకపోతే గునపం ముందు నిలబడలేను. అందుకే ఒప్పుకోలేదు.

నెల రోజులుగా అమలాపురంలో ఒక డాక్టరమ్మగారు మందులిస్తూనే, పుండు చుట్టూ పట్టీలు అంటించి సన్నగా కరెంటు పెడుతున్నారు. పుండులో క్రిములు జిగురు పొర కట్టుకుని మందును లోపలికి రానివ్వవట. కరెంటు ఆ పొరను వదులు చేస్తుందట.

ఈ రోజు పట్టీలు ఎంతకీ అంటుకోలేదు.

"ఏం రాసేరు తాతగారూ?"

"కొబ్బరి నూనండి. మా కాయలదే."

"నూనె రాయొద్దని చెప్పేనా లేదా?"

"ఆయ్, చెప్పేరండి. పుండుకి రాయలేదు, చుట్టూ రాసేను."

ఆవిడ తిట్టుకుంటూనే తుడిచి పట్టీలు పెట్టారు. తరువాత చీము పరీక్ష కాగితం చూపించారు. క్రిములు బాగా తగ్గాయట. ఇంకా కొన్నాళ్లు రావాలి గానీ వేలు తీయక్కర్లేదన్నారు. ఆ సంతోషంలో తిరుగు బస్సులో ఎవరో సీటు ఇచ్చినా కూర్చోలేదు.

నూనె రాయడం తప్పే. మన కోనసీమలో దెబ్బకి నూనె రాయనివాడు ఎవడో చెప్పండి.

బావమరిదీ, ఇది నువ్వు చదువుతావని తెలుసు. నీ మాట వెనక్కి తీసుకుంటావో లేదో ఆదివారం ప్రార్థనకి ముందే మన చర్చి వాట్సాప్ గ్రూపులో ఇక్కడే అందరూ చూసేలా రాయి.