నా ముఖం చూసి ఏడ్చిన తల్లి

ముంచింగిపుట్టు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరిన మొదటి వానాకాలం, పనికి తప్ప నేను నోరు విప్పింది తక్కువ. అమ్మ పోయిన ఏడాదే ఆ పోస్టింగు వచ్చింది. అన్నయ్య విజయనగరంలో తన సంసారంలో తానున్నాడు. క్వార్టర్‌లో నేనొక్కదాన్నే. సాయంత్రమైతే మంచు కిటికీ దాకా వచ్చేది. ఫోనుకి సిగ్నల్ ఉండేది కాదు.

ఒకరోజు ఒక తల్లి జ్వరంతో కాలిపోతున్న కూతుర్ని చంకనేసుకుని కొండ దిగి వచ్చింది. ఆమెకి ఆదివాసీ ఒరియా తప్ప మరో మాట రాదు. నాకు అది రాదు. వాళ్ల ఊరి ఆశా కార్యకర్త తోడొచ్చింది.

పిల్ల వేలు గుచ్చి రక్తం తీసి మైక్రోస్కోప్ ముందు కూర్చున్నాను. తల్లి గుమ్మంలో నిలబడి నా ముఖంలోకే చూస్తోంది. మలేరియా కనిపించింది. మందుకు లొంగేదే. చెబుదామని తలెత్తేసరికి ఆమె చప్పుడు లేకుండా ఏడుస్తోంది. తల్లిని చూసి పిల్ల గొంతెత్తింది. వాళ్లిద్దర్నీ చూసి నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

“మీ మొకం సూసి బయపడిపోనాది మేడం. గుంట ఇంక బతకదనుకున్నాది,” అంది ఆశా కార్యకర్త.

మందు వేస్తే తగ్గిపోతుందని చెప్పించి పంపాను.

డాక్టరుగారితో ఈ సంగతి అంటే ఆయన నవ్వలేదు. ఒక పని మనం చేసినా, ఎదుటివాళ్లు చేస్తుంటే చూసినా ఒకేలా స్పందించే కణాలు మెదడులో ఉంటాయట. మొదట కోతుల్లో కనిపెట్టారట. మిర్రర్ న్యూరాన్లంటారట. బాధ ఒకరి నుంచి ఒకరికి పాకేది వాటివల్లేనని కొందరూ, విషయం అంత తేలిక కాదని కొందరూ అంటారని చెప్పారు. ఇంటికెళ్లి అద్దంలో చూసుకున్నాను. పనిలో ఉన్నప్పటి ముఖం అద్దంలో దొరకదు. అమ్మ పోయిన దుఃఖం తగ్గిపోయిందనే అనుకుంటూ ఉన్నాను అప్పటిదాకా.

పిల్లకి నయమయ్యాక ఒక సంత రోజున ముగ్గురూ వచ్చారు. తల్లి నా బల్ల మీద మొక్కజొన్న పొత్తులు పెట్టి బెంచీ మీద కూర్చుంది. పిల్ల నన్ను చూసి నాలుక బయటపెట్టింది. నేనూ పెట్టాను. అది కిలకిలా నవ్వితే నాకూ నవ్వొచ్చింది. తల్లి మాత్రం నవ్వకుండా నన్నే చూస్తూ ఏదో అడిగింది.

“మీకెవులూ నేరా అని అడగతంది మేడం,” అంది ఆశా కార్యకర్త.

“అమ్మ పోయింది. ఒక్కదాన్నే ఉంటున్నాను.”

ఆ మాట ఒరియాలోకి మారకముందే ఆమె కళ్లు నిండాయి. నా మోచెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. పరామర్శకొచ్చిన బంధువుల ముందు రాని ఏడుపు అప్పుడొచ్చింది. సంత జీపు హారన్ కొట్టేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.

ఆ తర్వాత ఆమె రాలేదు. వాళ్లది వాగు దాటి ఎక్కాల్సిన ఊరు, జ్వరమైతే తప్ప ఎవరొస్తారు? సంత రోజుల్లో ల్యాబ్ కిటికీలోంచి జనాన్ని చూస్తూ ఉంటాను. ఎవరో ఆడవాళ్లు దేనికో పకపకా నవ్వుకుంటారు. నా పెదాలూ కదులుతాయి. ఆ దూరం నుంచి వాళ్లకి నేను కనబడను.