రుచి చూస్తే తిన్నట్టా?

ఆ కార్ఖానా క్యాంటీన్‌లో ఆమెను పేరు పెట్టి పిలిచిన పాపాన పోయినవాళ్లు లేరు. మేనేజరు దగ్గర్నుంచి గేటు కాపలాదారు దాకా అందరికీ ఆమె గరిటె అక్కే. అంతమందికీ వంట ఆమె చేతిమీదుగానే సాగేది. కూరలో ఉప్పు తక్కువైందని ఎవడైనా గొణిగాడా, వాడికి ఆ పూట మూడినట్టే. కోపం ముక్కు మీదే ఉండేది మహాతల్లికి.

అలాంటి మనిషి ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎదుట చేతులు కట్టుకుని కూర్చుంది. తమ్ముడికి కిడ్నీలు రెండూ పాడైపోయాయి. రోజు విడిచి రోజు మిషను దగ్గర పడుకోబెట్టి రక్తం శుభ్రం చేస్తే తప్ప బతికే దారి లేదు. ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేస్తే సరిపోయింది అక్క కిడ్నీ ఒక్కటే. "ఇంకేం, ఎప్పుడు కోస్తారో కోయండి" అని ఆమె నడుం బిగించింది. డాక్టరమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది.

"ఈ బరువుతో మీకు ఆపరేషన్ చేస్తే మీ ప్రాణానికే ముప్పు. పది పన్నెండు కిలోలు తగ్గి రావాలి. అవతల మీ తమ్ముడి చేతిలో మిషను కోసం సూది గుచ్చే నరం దెబ్బతింటోంది, ఎక్కువ ఆలస్యం చేయడానికి లేదు. అలాగని పస్తులుండకండి. తిండి కొంచెం తగ్గించి, నడక కొంచెం పెంచండి. రెండూ సమంగా సాగాలి."

ఇంత చెబితే గరిటె అక్క తలకెక్కింది ఒక్క ముక్కే, ఆలస్యం చేయడానికి లేదని. మిగతాదంతా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది.

మర్నాటి నుంచి మొదలైంది చూడండి ఆవిడ యుద్ధం. పొద్దున టిఫిను బంద్, మధ్యాహ్నం అన్నం బంద్, రాత్రికి మంచినీళ్లు. తెల్లారకముందే లేచి పొట్ట చుట్టూ ప్లాస్టిక్ కవరు చుట్టుకుని, ఉండే బిల్డింగు మెట్లన్నీ ఎక్కి పైన వాటర్ ట్యాంకు దాకా వెళ్లడం, దిగడం, మళ్లీ ఎక్కడం. పక్కింటివాళ్లు తలుపు తీసి చూస్తే "ఏం చూస్తారు, సినిమానా?" అని కసిరేది. పనిలోకి రాగానే స్టోర్ రూములో బియ్యం బస్తాలు తూచే కాటా ఎక్కి నిలబడేది. మొదట్లో కాస్త కదిలిన ముల్లు తర్వాత మొండికేసింది. వారాలు గడిచినా అక్కడే. ఆ కాటాను ఆమె తిట్టిన తిట్లకు ఇనుము కాబట్టి ఊరుకుంది.

నెల దాటాక ఒకరోజు మెట్లెక్కి దిగి, ఖాళీ కడుపుతో వచ్చి, మసులుతున్న నూనె మూకుడు ముందు నిలబడింది. కళ్లు బైర్లు కమ్మాయి. ఆమె ముందుకు తూలిపోతుంటే, గిన్నెలు తోమే పిన్ని పరుగున వచ్చి వెనక నుంచి ఏప్రన్ పట్టుకుని గుంజింది. గరిటె మాత్రం నూనెలో పడి, చిట్లిన చుక్కలు మోచేతి మీద బొబ్బలెక్కించాయి. ఇంకొక్క అడుగు తూలి ఉంటే ఆపరేషన్ మాట దేవుడెరుగు, అక్క దక్కేది కాదు.

పిన్ని ఊరుకుంటుందా, తమ్ముడికి ఫోన్ చేసేసింది. మిషను దగ్గర్నుంచి లేచినవాడు లేచినట్టే వచ్చాడు, చేతికి పట్టీతో.

"నన్ను బతికించడానికి నువ్వు చస్తావా? అలాంటి కిడ్నీ నాకొద్దు. రేపే డాక్టరమ్మకి చెప్పేస్తా."

"నోర్ముయ్యరా! నన్నేం చేయమంటావ్? అన్నం మానేశా. మెట్లెక్కి మోకాళ్లు అరగదీసుకున్నా. ఆ దిక్కుమాలిన ముల్లు కదలకపోతే నా తప్పా?"

"ఏమీ తినకపోయినా బరువు తగ్గట్లేదా?"

"అంటే నేను దొంగతిండి తింటున్నాననా?"

వాడు ఒకప్పుడు వ్యాను నడిపినవాడు. దారిలో కనిపించిన ప్రతి బండి దగ్గరా ఆగి తిన్నవాడు. ఇప్పుడు జేబులో చిన్న స్టీలు కప్పు పెట్టుకు తిరుగుతున్నాడు. రోజుకు ఇన్ని కప్పులే నీళ్లు, అంతకు మించితే ఒళ్లు ఉబ్బి ఊపిరాడదు. నోట్లోకి పోయే ప్రతి చుక్కకూ లెక్క చూసుకునే బతుకు వాడిది.

మర్నాడు వాడు వంటింటి గుమ్మం పక్కన ఖాళీ నూనె డబ్బా బోర్లించి కూర్చున్నాడు. ఒళ్లో ఒక గిన్నె. అక్క సూప్ రుచి చూస్తే వాడు లేచి వేరే గరిటెతో అంతే సూప్ తీసి గిన్నెలో పోసుకున్నాడు. చిక్కుడు గింజల కూర చూస్తే అదీ అంతే. మాంసం ఉడికిందో లేదో అని ఆమె ఒక ముక్క నోట్లో వేసుకుంటే అంతే ముక్క గిన్నెలో పడింది. మసాలా పట్టిందో లేదో అని ఇంకోటి వేసుకుంటే ఇంకోటి.

"ఏంట్రా ఆ వేషాలు? ఆకలేస్తే పథ్యం కూడు ఇంటికెళ్లి తిను."

వాడు గిన్నె ఒళ్లో సర్దుకున్నాడు. భోజనాల వేళ అయిపోయాక ఆ గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అంచుదాకా నిండి, పైన నూనె తేలుతోంది.

"ఇదెవరు తిన్నారో చెప్పు."

"రుచి చూశానురా! రుచి చూస్తే తిన్నట్టా?"

"మింగావా, లేదా?"

గరిటె అక్క గిన్నెను దగ్గరికి లాక్కుంది. వంటపనిలో చేరిన కొత్తలో అరచేతిలో చుక్క వేసుకుని నాలికకు తగిలించేది, అంతే. కడుపు మాడ్చుకోవడం మొదలెట్టాక ఆ చుక్క గరిటెడు ఎప్పుడైందో ఆమెకే తెలియలేదు. గిన్నె వంక చూస్తూ చూస్తూ బావురుమంది.

"నా దొంగతనం నాకే తెలియకపోయె కదరా!"

ఆ రోజు నుంచి రుచి చూసే పని పిన్నికి అప్పజెప్పారు. "ఇన్నాళ్లకు నాకూ ఒక పదవి దక్కింది" అని పిన్ని మురిసిపోయింది. ఆవిడకేమో ఉప్పు సరిగా తెలిసి చావదు. బల్లల దగ్గర గొణుగుడు మొదలైంది. గరిటె అక్క పళ్లు బిగబట్టుకుని అన్నీ విని ఊరుకుంది. నోట్లో చుక్క వేసుకోకుండా వండటం ఆమెకు కళ్లకు గంతలు కట్టినట్టే ఉండేది. వేళకు కూర్చుని పళ్లెంలో సగం కూరగాయలు, ఒక గుడ్డో రెండు మాంసం ముక్కలో, గుప్పెడు అన్నం తినేది. మెట్ల పరుగులు మాని సాయంత్రాలు తమ్ముడితో నడిచేది. ఆమె వేగం పెంచితే వాడు "నేను రాలేనక్కా" అని ఆగిపోయేవాడు. నిజంగా రాలేకనో, నాటకమో! ముల్లు కొంచెం కొంచెంగా దిగసాగింది.

ఇంతలో భయపడినంతా అయింది. వాడి చేతిలో నరం మూసుకుపోయింది. దాని బదులు మెడ దగ్గర గొట్టం పెట్టారు, దానికి చీము పడితే ప్రాణానికే ప్రమాదమన్నారు. మెడకు పట్టీతో వాడు ఇంటికి రాగానే గరిటె అక్క పళ్లెం అవతలికి నెట్టేసింది.

"ఇంకా తింటూ కూర్చుంటే ఎట్లారా? మిగిలిన కిలోలు వారంలో దింపేస్తా."

"నువ్వు ఒక్క పూట మానేస్తే నేను మిషను మానేస్తా." వాడి మొహంలో వేళాకోళం లేదు.

వాడన్నంత పనీ చేసే రకమని ఆమెకు తెలుసు. పళ్లెం దగ్గరికి లాక్కుని, ఆ గొట్టం వంక చూస్తూ, ముద్ద దిగకపోయినా మింగింది. ఏడుస్తూనే పళ్లెం ఖాళీ చేసింది. అట్లా ప్రతి పూటా తిన్నది, ప్రతి సాయంత్రం నడిచింది, ఇవాళ ఏ కబురు వినాల్సొస్తుందో అని రోజూ వణికింది.

తూకం రోజున చెప్పులు, గాజులు, చెవి దుద్దులు కూడా తీసి ఆస్పత్రి కాటా ఎక్కింది. డాక్టరమ్మ అంకె చూసి పెదవి విరిచింది.

"ఇంకో కిలో తగ్గాల్సింది."

తమ్ముడు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. డాక్టరమ్మ పరీక్షల కాగితాలు ఒకటొకటే తిప్పింది.

"రక్తం బాగుంది. బీపీ, షుగరు బాగున్నాయి. పస్తులుండి తగ్గి ఉంటే ఇవాళ వెనక్కి పంపేదాన్ని. ఆ కిలో సంగతి నేను చూసుకుంటా. చేద్దాం."

ఆపరేషన్ అయిన కొన్ని రోజులకు, కుట్ల మీద చెయ్యి పెట్టుకుని గరిటె అక్క మెల్లగా తమ్ముడి గదికి నడిచింది. నర్సు వాడి పక్కన పెద్ద జగ్గు నిండా నీళ్లు పెట్టి, "ఇవన్నీ తాగాలి, కొత్త కిడ్నీకి నీళ్లు కావాలి" అని చెప్పి వెళ్లింది. వాడు అలవాటుగా దిండు కింద నుంచి ఆ చిన్న స్టీలు కప్పు తీశాడు. అందులో సగానికి పోసుకుని, పెదవులు తడుపుకుని, కప్పు పక్కన పెట్టేశాడు.

"ఏంట్రా, రుచి చూస్తున్నావా?" అంది గరిటె అక్క గుమ్మంలోంచి. "ఎత్తి తాగరా!"

వాడు అక్క వంక చూశాడు. రెండు చేతులతో జగ్గు ఎత్తాడు. నీళ్లు గెడ్డం మీదుగా కారి చొక్కా తడిసిపోతున్నా దించకుండా తాగాడు.