రెండుసార్లు చెప్పిన సాక్ష్యం

నా మెదడులో గడ్డ తీసి అప్పటికి మూడు నెలలైంది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసిన డాక్టరు ముందే చెప్పాడు, పాత సంగతులు ఉంటాయి, కొత్తవి నిలవడానికి టైం పడుతుందని. ఎంత టైమో చెప్పలేదు. మంథని దగ్గర మా ఊళ్లో నేను కరెంటు లైన్‌మన్‌ను. ఏ పొలం మోటారుకు ఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తీగ వెళ్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. స్టవ్ ఆర్పానో లేదో మాత్రం చెప్పలేను.

ఒక శనివారం మా చర్చి పాస్టరు ఇంటికొచ్చి, "దేవుడు నీకు జేసిన మేలు గురించి రేపు ఆరాధనల సాక్ష్యం చెప్పు. సంఘమంత నీ కోసం ప్రార్థన జేసింది," అన్నాడు. సరేనని అంతా ఒక కాగితం మీద రాసుకున్నాను.

ఇక్కడి నుంచి నాకు గుర్తున్నది కొంతే, మిగతాది నా భార్య చెప్పింది. తలనొప్పి మొదలైన దగ్గర్నుంచి కుట్లు విప్పిన రోజు దాకా చదివి, "ప్రభువు నన్ను పూర్తిగ బాగు జేసిండు," అని ముగించాను. అందరూ ఆమెన్ అన్నారు. ఒక పాట పాడారు. "ఇంకెవరన్న సాక్ష్యం చెప్పేటోళ్లున్నరా?" అని పాస్టరు అడిగితే, నేను మళ్లీ లేచాను. మొదటి మాట నుంచి మళ్లీ అదే చదివాను. వాళ్లు మళ్లీ ఆమెన్ అన్నారట.

ఇంట్లో అన్నం ముందు కూర్చుని, "బాగనే చెప్పిన గదా?" అని అడిగాను.

ఆమె పప్పు వడ్డిస్తూ, "బాగనే చెప్పినవ్. రెండుసార్లు చెప్పినవ్," అన్నది.

పరాచికం అనుకున్నాను. మొహం చూస్తే కాదని తెలిసింది.

"మరి నా అంగి పట్టి గుంజద్దా?"

"నేను ఆడోళ్ల దిక్కు కూసున్న. లేచొచ్చి అందరి ముందట నీ ఇజ్జత్ తియ్యాల్నా?"

"ఇప్పుడు పోలేదా?"

కంచం తోసేసి లేచాను. నాతో కలిసి పనిచేసినవాళ్లు, నన్ను ఎత్తుకు తిప్పిన పెద్దమ్మలు, అంతమందిలో ఒక్కరైనా ఆపలేదు. చిన్నపిల్లవాడు పాట తప్పు పాడినా చప్పట్లు కొడతారే, అట్లా ఆమెన్ అన్నారు.

సైకిలు తీసుకుని పాస్టరు ఇంటికి పోయాను.

"ఏమైతది? దేవుని సాక్ష్యం ఎన్నిసార్లు చెప్తె అంత మంచిది," అని ఆయన నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"అయ్యా, పూర్తిగ బాగైందని రెండుసార్లు అబద్ధం చెప్పిన. బాగ గాలే. మీకందరికి తెలుసు. ఎందుకు ఆపలే?"

ఆయన నవ్వు ఆగింది. "నీకు బాధైతదని," అన్నాడు.

"ఇప్పుడైతలేదా? ఇంకోసారి చెప్తె, చెప్పినవ్ కూసో అనుండ్రి."

కొన్నాళ్లకు మా వాకిట్లోనే ప్రార్థన కూడిక జరిగింది. ఒకసారి తెగిపడ్డ కరెంటు తీగ నుంచి ప్రభువు నన్ను ఎట్లా కాపాడాడో చెప్పడానికి లేచాను. "గది ఇంతకుముందే చెప్పినవ్, కూసో," అన్నాడు పాస్టరు. చాపల మీద కూర్చున్నవాళ్లంతా తప్పు చేసినవాణ్ణి చూసినట్టు ఆయన్నే చూశారు.

"నిజంగనే చెప్పిన్నా?" అని నా భార్యను అడిగాను. తల ఊపింది.

కోపం అప్పుడూ వచ్చింది. ఎవరి మీదో నాకే తెలియలేదు. కూర్చున్నాను. పాస్టరు తర్వాతి వచనం చదవమని పక్కింటామెను అడిగాడు.