బీరువా వెనక సిగ్నల్

గద్వాలలో మా అత్తగారింట్లో ఒక్కటే సెల్‌ఫోన్ ఉండేది. అది ఎప్పుడూ మామ చొక్కా జేబులోనే. మస్కట్ నుంచి మా ఆయన ఫోన్ చేస్తే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరేవాళ్ళు. నా వంతు వచ్చేసరికి "తిన్నరా?", "తిన్న" తప్ప మాటలేమీ మిగిలేవి కావు. అత్త ఎదుట, మరిది ఎదుట, "మీరు లేక నాకు పొద్దుపోతలేదు" అని ఎట్లా చెప్పను?

అప్పుడప్పుడే ఊళ్ళోకి బ్రాడ్‌బ్యాండ్ వస్తున్న రోజులు. సెలవుకు వచ్చినప్పుడు ఆయన ఒక లాప్‌టాప్ తెచ్చి, కొత్తగా ఫోన్ లైను వేయించి, వైర్‌లెస్ డబ్బా పెట్టించి పోయాడు. అందరికన్నా ఎక్కువ సంబరపడింది నేనే. వైరు లేని నెట్టు అంటే నాకు అర్థమైంది ఒక్కటే: లాప్‌టాప్‌ను లోపలి గదికి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసుకోవచ్చు. అడగవలసింది కూడా ఒక్కటే. ఆ ఎండాకాలంతో మస్కట్‌లో ఆయన పని ఒప్పందం అయిపోతుంది. మళ్ళీ సంతకం పెట్టకుండా ఇంటికి రమ్మనాలి.

తీరా లోపలి గదిలో కూర్చుంటే నెట్టు నత్తనడక. "ఈసారి వస్తరా?" అని అడగబోయేసరికి ఆయన ముఖం నోరు సగం తెరిచి తెర మీద బిగుసుకుపోయేది. మళ్ళీ కదిలేసరికి "ఆఁ, ఏమన్నవ్? ఇనబడలే" అనేవాడు. అరిచి అడిగే మాటా అది? ఆయనకు సెలవుండే శుక్రవారాలన్నీ అట్లాగే పోయాయి. ఆ డబ్బాను నేలకేసి కొట్టాలన్నంత కోపం వచ్చేది నాకు.

ఇంట్లో తలా ఒక కారణం చెప్పారు. మబ్బు పట్టినందుకే అన్నాడు మరిది. మామకైతే తాను చీరలు నేసే మగ్గం మీదే అనుమానం. ఆ దెబ్బలకు సిగ్నల్ అదిరిపోతుందని, నేను మాట్లాడినంతసేపూ పోగును అటూ ఇటూ తిప్పే నాడె చేత పట్టుకుని మగ్గం గుంటలో కదలకుండా కూర్చునేవాడు. పాపం, ఆయన మంచికే చేశాడు. కానీ మగ్గం ఆగితే ఇల్లంతా చీమ చిటుక్కుమన్నా వినబడేది. ఇక నా గుసగుసలు ఒక లెక్కా?

పెళ్ళికి ముందు వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు కంప్యూటర్ కొంత నేర్చుకున్నాను. ఒకనాడు మధ్యాహ్నం లాప్‌టాప్‌ను చంటిపిల్లలా చంకనెత్తుకుని, సిగ్నల్ గీతలు చూసుకుంటూ ఇల్లంతా తిరిగాను. ముందు గదిలో చీరల బీరువా పక్కనున్న సందులోకి దూరితే గీతలన్నీ నిండుగా ఉన్నాయి. బీరువాకు ఇవతలికి రాగానే సగం పడిపోయాయి. లోపలి గది గడప దాటితే ఒక్కటే మిగిలింది. చుట్టుపక్కల పిల్లలు వచ్చి ముట్టుకోకుండా డబ్బాను ఆ బీరువా వెనక గూట్లో పెట్టించింది అత్తే. నిలువెత్తు ఇనుము, దాని నిండా జరీ చీరలు. పాపం మబ్బుదీ కాదు, మగ్గానిదీ కాదు.

"బీరువా జర పక్కకు జరుపుదామా అత్తమ్మా?"

"ఏందీ? అది లక్ష్మి ఉండే మూల. నీ మొగని మొహం కోసం లక్ష్మిని కదిలిస్తవా?" అంది అత్త. అంటూనే నవ్వింది. "బీరువా జరగది. నీ డబ్బానే జరుపుకో పో."

పొడుగు వైరు తెప్పించి, డబ్బాను లోపలి గది తలుపు పైనున్న చెక్క మీదికి ఎక్కించాను. మగ్గం ఆపొద్దని మామకు చెప్పాను.

"సూడు మల్ల, తర్వాత నన్ననొద్దు" అన్నాడాయన.

శుక్రవారం తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుని కూర్చున్నాను. ఆయన తెర మీదికి వచ్చాడు. ఎంత స్పష్టంగా కనబడ్డాడో! చిక్కిపోయాడు, గడ్డం మాసి ఉంది. నవ్వితే నవ్వు అప్పుడే కనబడింది, మాట పెదవులతో కలిసి వచ్చింది. ఆ మనిషి కోసం ఎంత అల్లాడిపోయానో అప్పుడు తెలిసింది నాకు. బయట మగ్గం ఆడుతూనే ఉంది, నా మాట ఎవరికీ వినబడదు. మెల్లగా అడిగాను.

"ఈసారి వచ్చేస్తరా? ఇగ పోవద్దు."

ఆయన ముఖం కదలలేదు. మళ్ళీ ఆగిపోయిందనుకున్నాను. గీతలు చూస్తే నిండుగా ఉన్నాయి. ఆయన వెనక బల్ల మీద ఫ్యాన్ తిరుగుతూ ఉంది. గోడకున్న క్యాలెండర్ కాగితం ఆ గాలికి లేస్తూ పడుతూ ఉంది. ఆయన ఒకసారి కళ్ళు ఆర్పాడు.

"నెట్టు ఆగినట్టున్నది, మల్ల మాట్లాడుదం" అన్నాను నేనే.

"ఆఁ, ఆగింది" అన్నాడాయన.

ఒక్క అక్షరం కూడా పోకుండా వినబడింది నాకు.