గుద్దితే ఇక్కడే తగలాల

మంగళవారం ఉదయం ఎనిమిదింపావుకి అమ్మ ఫోన్ చేసి, "మావయ్య పోయారే" అంది. ఏ మావయ్య అని నేను అడగలేదు. ఎలమంచిలి చుట్టుపక్కల మాకు వరసకి మావయ్యలు పది మంది దాకా ఉన్నారు. కానీ ముందు ఏ మాటా చేర్చకుండా మావయ్య అంటే మా ఇంట్లో పక్కింటి మావయ్యే. కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గర స్కూటర్ మీద రోడ్డు దాటుతుంటే, ఇనప చువ్వల లోడుతో వస్తున్న ట్రైలర్ లారీ గుద్దేసింది. ఆసుపత్రిదాకా తీసుకెళ్లే అవసరం కూడా లేకపోయింది.

నేను మధురవాడ నుంచి వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. ముఖం చూపించలేదు. తల నుంచి ఛాతీ దాకా తెల్లగుడ్డ చుట్టేశారు. గుడ్డ మీద ఎర్రమరక పెద్దదవుతుంటే ఎవరో పైన ఇంకో గుడ్డ కప్పుతున్నారు. కుడిచేయి మాత్రం బయట ఉంది. దానికి గీత కూడా పడలేదు. అత్త ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పోయినవాళ్ల గురించి మెత్తగా రాస్తాం. ఆయన మెత్తని మనిషి కాదు. మెత్తగా రాస్తే అది ఆయన గురించి రాసినట్టు కాదు.

ఆయనది సముద్రం మీద వేటకి వెళ్లే కుటుంబం. ఆ ఇంట్లో వల వదిలేసి ఉక్కు పట్టుకున్న మొదటి మనిషి ఆయనే. స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపేవారు. కరిగిన ఇనుము ఉన్న బానని పైనుంచి కదిపే పని. పొట్టి మనిషి, మెడ లేనట్టుండే భుజాలు. ఉక్కునగరం క్వార్టర్స్‌లో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకి అటువైపు వాళ్ల టీవీ, టీవీ కింద గేమ్ కన్సోల్. ఓడల్లో పనిచేసే అత్త తమ్ముడు సింగపూర్ నుంచి తెచ్చిచ్చాడట. మావయ్య దాన్ని 'డబ్బా' అనేవారు. కంట్రోలర్లని 'రిమోట్లు' అనేవారు.

వాళ్లకి పిల్లల్లేరు. అప్పటికే ఆయనకి నలభై అయిదేళ్లు. ఆ వయసు మనిషి డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, లుంగీ ఎగ్గట్టి, తెర మీద ఇద్దరు మనుషులు పిడికిళ్లతో ఒకళ్లనొకళ్లు చావగొట్టుకునే ఆట ఆడుతుంటే క్వార్టర్స్ అంతా నవ్వేది. ఆయన పట్టించుకునేవారు కాదు. "ఎయ్యి! దవడ మీదెయ్యి! సావు!" అని గోడ అదిరేలా అరిచేవారు. నేను ఆ అరుపులు వింటూ లెక్కలు చేసుకునేదాన్ని.

గోడకి ఇటువైపు నిజం దెబ్బలు ఉండేవి.

మా నాన్న అమ్మని కొట్టేవాడు. తాగేవాడు కాదు. తాగితే ఆ వంకైనా ఉండేది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం, నాలుగు గంటలవేళ, నాన్న అమ్మ జుట్టు పట్టుకుని తలని గోడకేసి కొట్టాడు. ఆ రోజు వంక ఏమిటో ఇప్పుడు అమ్మకీ గుర్తులేదు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారికి అమ్మ నుదురు చిట్లి రక్తం కంట్లోకి దిగింది. గోడ అవతల ఆట చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

తలుపుకి గడియ వేసి లేదు. మావయ్య లోపలికి వచ్చి, నాన్న చొక్కా మెడ దగ్గర పట్టుకుని మెట్ల దగ్గరికి ఈడ్చుకుపోయారు. మొదటి గుద్దుకి నాన్న పన్ను ఊడి మెట్ల మీద పడింది. రెండో గుద్దుకి తల కరెంటు మీటరు పెట్టెకి తగిలి, పెట్టె అద్దం పగిలింది. మూడోదానికి నాన్న కూలబడ్డాడు. మావయ్య వంగి, మెడ దగ్గర మోకాలు వేసి, మళ్లీ చేయి ఎత్తారు. అమ్మ నెత్తురు కారుతున్న ముఖంతోనే పరిగెత్తి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"సంపేత్తావేటి అన్నయ్యా!"

"నాను ఈణ్ని సంపేత్తానని నీకు బయ్యం. ఈడు నిన్ను సంపేత్తాడని నాకు బయ్యం" అన్నారాయన. లేచి నిలబడి తన పిడికిలి కేసి చూసుకున్నారు. వేళ్ల కణుపుల మీద చర్మం లేచిపోయింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. గెలిచినవాడి చూపులా లేదు.

కొన్ని రోజులు రెండిళ్లకీ మాటల్లేవు. తర్వాత ఒక ఆదివారం ఆయన మా గుమ్మంలో నిలబడి, "బావా, సెయ్యి దురదెడితే నా కాడికి రా. రెండు రిమోట్లున్నాయి" అన్నారు. నాన్న తలుపు మొహం మీదే వేసేశాడు.

నెల తిరక్కుండానే నాన్న మళ్లీ చేయి ఎత్తాడు. ఈసారి అమ్మ వెనక్కి తగ్గి, చేతిలో ఉన్న స్టీలు గ్లాసుతో గోడ మీద టకటకా కొట్టింది. మావయ్య వచ్చేశారు. కొట్టలేదు. నాన్న మణికట్టు పట్టుకుని "రా" అన్నారు. ఆ పట్టు విడిపించుకోవడం నాన్న వల్ల కాలేదు. నేను వాళ్ల వెనకే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆయన నాన్నని దివాన్ మీద కుదేసి, చేతిలో కంట్రోలర్ పెట్టి, పక్కనే మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్నారు.

నాన్నకి ఏ బటన్ ఏమిటో తెలియదు. మావయ్య చెప్పలేదు కూడా. నాన్న బొమ్మని మూలకి నెట్టి, కడుపులో గుద్ది, కింద పడేసి తన్ని, మళ్లీ లేవనిచ్చి మళ్లీ గుద్దారు. పది ఆటలు అలాగే. తెర మీద నాన్న మనిషి ముఖం ఎర్రగా ముద్దయింది. నాన్న ఒక్కసారిగా లేచి కంట్రోలర్‌ని నేలకేసి కొట్టాడు. దాని మూల విరిగింది. మావయ్య వంగి తీసి, లుంగీతో తుడిచి, మళ్లీ చేతిలో పెట్టారు.

"ఇసురు. నువ్ ఎన్నిసార్లు ఇసిరితే అన్నిసార్లు తీసిత్తాను. ఇది ఇరిగినా ఇంకోటి దొరుకుతాది. మా సెల్లి పుర్రె ఇరిగితే దొరకదు బావా."

నాన్న కూర్చున్నాడు. ఆడాడు. ఆ తర్వాత కూడా వెళ్లాడు. మొదట్లో పగతోనే వెళ్లాడని నాకు తెలుసు, ఆ మనిషిని ఎలాగైనా పడగొట్టాలని. పడగొట్టడానికి రెండు వారాలు పట్టింది. పడగొట్టిన రోజు నాన్న అరిచిన అరుపుకి అమ్మ వంటింట్లో ఉలిక్కిపడి, చేతిలోని గిన్నె వదిలేసింది.

ఆట మా నాన్నని మార్చిందని నేను చెప్పను. ఆ తర్వాత కూడా, నాకు తెలిసి, రెండుసార్లు అమ్మ మీద చేయి చేసుకున్నాడు. రెండోసారి అమ్మ అత్తని తోడు తీసుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్లి కాగితం రాసిచ్చింది. సాక్షిగా మావయ్య సంతకం పెట్టారు. పెట్టి వచ్చి, ఆ సాయంత్రమే నాన్నని ఆటకి పిలిచారు. నాన్న ఎందుకు ఆగాడని అమ్మని అడిగితే "టేసన్ బయ్యం" అంటుంది. నాన్నని నేను ఎప్పుడూ అడగలేదు. ఆగడమైతే ఆగాడు. డ్యూటీ దిగగానే మా ఇంటికి కాకుండా పక్కింటికి వెళ్లేవాడు. కోపం అక్కడ దించి, అరగంటకో గంటకో వచ్చి అన్నం తినేవాడు.

నేను ఇంజనీరింగ్ చదివి, సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో చేరాను. కొన్నేళ్లకి మావయ్యా నాన్నా రిటైరై, క్వార్టర్స్ ఖాళీ చేసి, కూర్మన్నపాలెంలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఇళ్లు తీసుకున్నారు. డబ్బా కూడా మారింది, కొత్తది వచ్చింది. ఒక సెలవు రోజు నేను ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి ఆయన ముందు పెట్టాను. ఇప్పుడు కన్సోల్ అక్కర్లేదని, ఆట ఎక్కడో దూరాన పెద్ద కంప్యూటర్‌లో నడుస్తుంటే మనం ఇక్కడ బొమ్మ చూస్తూ ఆడుకోవచ్చని, దాన్ని క్లౌడ్ గేమింగ్ అంటారని గొప్పగా చెప్పాను.

ఆయన కంట్రోలర్ తగిలించుకుని పది నిమిషాలు ఆడారు. ముఖం చిరాగ్గా పెట్టారు.

"గుంటా, నాను గుద్దిన గుద్దు ఎక్కడికెల్తంది?"

"ముంబైలో ఉంటుంది మావయ్యా ఆ కంప్యూటరు. అక్కడికి వెళ్లి వస్తుంది."

"అద్గదీ. ఎల్లి తిరిగొస్తంది. ఈలోపు ఆడు నన్ను రెండు పీకేత్తన్నాడు. గుద్దితే ఇక్కడే తగలాల."

నెట్ బాగుంటే ఆ తేడా తెలియదని వాదించాను. ఇక్కడ తుపానుకి నెట్ ఎన్ని రోజులు ఉంటుందో చెప్పమన్నారు. తుపానుకి కరెంటే ఉండదుగా, నీ డబ్బా మాత్రం ఎలా ఆడుతుందన్నాను. నవ్వేశారు. పోనీ మంచి కంప్యూటర్ కొనుక్కో, బొమ్మ ఇంకా బాగుంటుంది అన్నాను.

"కంప్యూటర్ ముందు ఒక్కడే కూకుంటాడు. కుర్సీ కూడా ఒకటే ఏత్తారు. దీని ముందు పక్కనింకోడు కూకోవాల. ఆడి మోకాలు నీకు తగలాల. నువ్ ఎవుణ్ని కొడతన్నావో నీకు తెలాల."

అప్పుడు ల్యాప్‌టాప్ మూసి, డబ్బా ఆన్ చేసి, రెండో కంట్రోలర్‌ని నా అరచేతిలో పెట్టి, తన మనిషిని నా మనిషి చేత కొట్టించుకున్నారు. తర్వాత నా మనిషిని కొట్టారు. నా మనిషికి దెబ్బ తగిలిన ప్రతిసారీ నా చేతిలో అది బుర్రుమని అదిరింది.

"సూసేవా? తిన్నోడి సేతికి తెలుత్తాది. కొట్టినోడి సేతికి కూడా తెలాల గుంటా. నాకది సానా ఆలీసంగా తెలిసింది."

అత్త వంటింట్లో ఉంది. ఆయన గొంతు తగ్గించలేదు. అది అత్తకి తెలియని సంగతేం కాదని ఆ తర్వాతి మాటకి అర్థమైంది.

"మీ అత్తకి ఎడం సెవి ఇనబడదు. నీకు తెలుసు కదా. సిన్నప్పుడు జొరం వొచ్చి పోయిందని అందరికీ సెప్తాది. జొరం కాదు. పెళ్లైన మొదటేడు. ఈ సెయ్యే."

ఆ చేతి మీద నాకు ఉన్న ప్రేమ అంతా ఒక్క క్షణం ఎటు పోయిందో తెలియలేదు. మా అమ్మని కాపాడిన చేయి అది. ఆ చేయి కాపాడటానికి చాలా ముందే, ఇంకో ఇంట్లో, మా అమ్మలాంటి ఆడపిల్ల నేల మీద పడి చెవి పట్టుకుని ఏడ్చింది. అప్పుడు గోడ అవతల నుంచి ఎవరూ రాలేదు.

"అత్త నిన్ను మన్నించిందా?" అని అడిగాను.

"అడగలేదు. అడిగితే సరేనంటాది. అందుకే అడగలేదు."

ఆఫీసులో నాతో పనిచేసేవాళ్లు అప్పుడప్పుడు ఆశ్చర్యపోతుంటారు, ఇంకా ఆ డబ్బాలు ఎవరు కొంటున్నారని. డిస్కు పెట్టి మీట నొక్కితే చాలు, ఆట మొదలవుతుంది. డిస్కు పక్కింటివాళ్లకి అరువివ్వొచ్చు. సోఫాలో పడి ఆడుకోవచ్చు. ఇలాంటి జవాబులు నేనూ చెబుతాను. అవన్నీ నిజమే. నాకు తెలిసిన అసలు జవాబు మాత్రం మీటింగులో చెప్పేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

దహనమయ్యాక మూడో రోజు జంక్షన్ దగ్గర టిఫిన్ బండి నడిపే ఆవిడ మా ఇంటికి వచ్చింది. నాన్న స్నానానికి వెళ్లి ఉన్నాడు. ఆవిడ చెప్పేదాకా నాకు గానీ అమ్మకి గానీ తెలియదు. ఆ మంగళవారం నాన్న మావయ్య కోసం ఆ బండి దగ్గరే ఎదురుచూస్తున్నాడట. అంతా కళ్లముందే జరిగింది.

"లారీ డైవర్ దిగి పారిపోబోయేడమ్మా. ఒరిస్సావోడు. పాతికేల్లు కూడా ఉండవు. జనం పట్టేసేరు. కర్రలట్టుకొచ్చేరు. ఒకడైతే రాయెత్తి ఆడి మొహం మీద కొట్టేడు. ముక్కు పచ్చడైపోయింది. ఇంకో రెండు నిమిసాలైతే పేణం పోను."

"మరి?" అంది అమ్మ.

"మరేటి, మీ ఆయన. ఆ శవం కాడ నుంచి లేసొచ్చేడు. ఈయన కూడా కొట్టేత్తాడనుకున్నాం, ఆడు సంపింది ఈయన మనిసినే కదా. జనాన్ని తోసుకుని లోపలికెల్లి ఆ డైవర్ మీద బోర్లా పడిపోయేడు. కర్రలన్నీ ఈయన ఈపు మీదే పడ్డాయి. 'సాలు, ఇంక కొట్టకండి, సాలు' అంటానే ఉన్నాడు."

నాన్న మూడు రోజులుగా చొక్కా విప్పకుండా తిరగడం మేం చూశాం. దుఃఖం అనుకున్నాం.

పోలీసులు వచ్చేదాకా నాన్న ఆ డ్రైవర్‌ని బండి పక్కన గట్టు మీద కూర్చోబెట్టాడట. తనూ పక్కనే కూర్చున్నాడట. ఆ కుర్రవాడు ముక్కు నుంచి నెత్తురు కారుతూ, వాళ్ల భాషలో ఏదో పదేపదే అంటుంటే, నాన్నకి ఒక్క ముక్కా అర్థం కాలేదట. ఆవిడ ఇచ్చిన మంచినీళ్ల సీసా మూత తీసి, గుక్క గుక్కగా వాడి నోట్లో పోస్తూనే ఉన్నాడట. నీళ్లు ఎర్రగా గడ్డం మీంచి కారి, ఇద్దరి కాళ్ల మధ్య మట్టిలోకి ఇంకుతున్నాయట.