మంచి కబురు తెచ్చాం

నేను పిరికిదాన్ని. బల్లి మీద పడితే వీధంతా వినబడేట్టు అరిచేదాన్ని గానీ, నలుగురి ముందు నిలబడి నాలుగు మాటలు చెప్పమంటే గొంతు పెగిలేది కాదు. అలాంటిదాన్ని మావాళ్లు విజయనగరం నుంచి తీసుకెళ్లి, పాతపట్నం చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి సువార్త చెప్పే ఆమెకు కోడల్ని చేశారు. మా అత్తను జనం బైబిలమ్మ అనేవారు. ఆమెకు దేవుడంటే భక్తి తప్ప భూమ్మీద దేనికీ భయం లేదు.

బాప్తిస్మం తీసుకుంటే సరిపోదనీ, మనకు దొరికినదాన్ని పదిమందికీ పంచమన్నది ప్రభువు ఆజ్ఞ అనీ పాస్టరుగారు ప్రతి ఆదివారం చెప్పేవారు. చెప్పినప్పుడల్లా నా వైపే చూస్తున్నట్టుండేది. ఆ వేసవిలో ఆయన ఒక నియమం పెట్టారు. ప్రతి విశ్వాసీ ఒక్క గడపలోనైనా సువార్త చెప్పి, వచ్చాక ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాలి. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు అన్నం సహించలేదు.

అత్త నాకు ఒక కథ నేర్పింది. బైబిల్లో ఇల్లు విడిచిపోయిన కొడుకు కథ. అంట్లు తోముకుంటూ వల్లెవేసేదాన్ని. గడప దగ్గర ముందుగా అనాల్సిన మాట కూడా నేర్పింది: "సంఘం తరఫున వచ్చామమ్మా, మంచి కబురు తెచ్చాం." మాకు సంఘమంటే మా చర్చి. మంచి కబురంటే సువార్త. ఆ మాటలకు ఇంకో అర్థం ఉంటుందని ఇద్దరికీ తట్టలేదు.

తట్టాల్సింది. అరవైల చివరి రోజులవి. కొండల్లో వాళ్లూ కూలీలూ కట్టుకున్న సంఘం మీద పోలీసులు విరుచుకుపడుతున్నారు. ఎవరు కొండెక్కారో, ఎవరి వాకిట్లో జీపు ఆగిందో జనం గుసగుసగా చెప్పుకునేవారు. పోనీ ఈ ఏడాదికి మానేద్దామా అని నేను నసిగితే, "మనకేటి, మన పని మనది" అంది అత్త.

మేం వెళ్లిన ఊరి పేరు అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. బస్సు దిగి పొలం గట్ల మీద నడిచి వెళ్లాం. ఊరి మొదట్లో ఇద్దరు పోలీసులు ఒక చూరు కింద కూర్చుని ఉన్నారు. మమ్మల్ని ఎగాదిగా చూసి ఊరుకున్నారు. నేను అత్త చాటున నక్కి నడిచాను.

ఆ వీధిలోనే ఒక ఇంటి గుమ్మంలో నా ఈడు మనిషి చోళ్లు చెరుగుతోంది. అత్త నన్ను ముందుకు తోసింది. నేను కళ్లు మూసుకుని, నేర్చుకున్న మాట గబగబా అప్పజెప్పేశాను.

ఆమె చేతిలో చేట జారిపోయింది. నా రెక్క పట్టుకుని లోపలికి లాగింది. వెనకే అత్త రాగానే తలుపు మూసేసింది.

"బతికే ఉన్నాడేటమ్మా?" అంది.

నాకేమీ బోధపడలేదు. కాలికి తగిలిన దెబ్బ మానిందా, గంజైనా తాగుతున్నాడా, ఏమన్నాడు, ఎప్పుడొస్తానన్నాడు అని ఒకదాని మీద ఒకటి అడిగేస్తోంది. నా చెయ్యి వదలడం లేదు. అత్తకు ముందు అర్థమయింది. ఆమె మొహంలో భయం చూడటం నాకు అదే మొదలు.

"మాది ఏసు సంఘమమ్మా. నీ మొగుడి సంగతి మాకు తెల్దు," అంది అత్త నెమ్మదిగా.

ఆమె నా చెయ్యి వదిలేసి గోడకు జారబడింది. సంఘంలో చేరి కొండెక్కిన మొగుడు కలకత్తా జనపనార మిల్లులో పనికి వెళ్లాడని ఊరందరికీ చెప్పుకొస్తోందట. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని మా ఇద్దరి ముందూ గుట్టు తనే విప్పేసింది. మమ్మల్ని చూసి వణికిపోతోంది. చీమకు కూడా భయపడే నన్ను చూసి ఒక మనిషి అలా వణకడం నేను భరించలేకపోయాను. ఎవరికీ చెప్పబోమని ఒట్టు వేశాను. కానీ మేం లోపలికి రావడం, తలుపు పడటం పోలీసులు చూసే ఉంటారు.

అత్త తలుపు తీసింది. "అరుగెక్కి కత సెప్పు. గట్టిగా సెప్పు, ఆల్లకి ఇనబడాల," అంది.

అరుగెక్కాను. పోలీసుల్లో ఒకడు అప్పటికే లేచి ఇటే వస్తున్నాడు. నేను తడబడితే ఆ ఇల్లు కూలిపోతుందన్న భయంతోనే నోరు తెరిచాను. కొడుకు ఇల్లు వదిలి దూరదేశం పోయాడని అరిచాను. కరువొచ్చిందనీ, పందుల మేతకు కూడా మొహం వాచాడనీ అరిచాను. పోలీసు వచ్చి కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. తండ్రి రోజూ దారి చూస్తూ ఉన్నాడని చెబుతుంటే, వెనక తలుపు చాటున కొంగు నోట్లో కుక్కుకున్న ఏడుపు నాకు వినబడింది. అది అతనికి వినబడకుండా ఇంకా గొంతు పెంచాను.

"ఏసుబాబు ఓల్లా," అని అతను తుపుక్కున ఉమ్మేసి వెనక్కి వెళ్లిపోయాడు. కొడుకు ఇంటికి చేరేదాకా నేను ఆపలేదు.

వెళ్లబోతుంటే ఆమె చెంబుతో నీళ్లు తెచ్చింది. నాకందిస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"మీ కతలో ఆడికి పెల్లాం నేదేటమ్మా?"

నేను అత్త వైపు చూశాను. అత్త నా చేతిలోంచి చెంబు అందుకుని నీళ్లు తాగింది.

ఆదివారం పాస్టరుగారు నన్ను లేపి, ఏ ఊరు వెళ్లావు, ఎవరు విన్నారు అని అడిగారు. నోరు జారి ఆ ఊరి పేరు ఎక్కడ వస్తుందోనని భయమేసింది. ఎవరూ వినలేదండీ అని చెప్పి కూలబడ్డాను. వినని ఆ ఊరివాళ్ల గుండెలు మెత్తబడాలని ఆయన అందరిచేతా ప్రార్థన చేయించారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నా పక్కన అత్త మాత్రం వేరే ప్రార్థన గొణుక్కుంటోంది.

"ఆడు బతికుండాల, తండ్రీ."

నేను పైకే ఆమేన్ అన్నాను.