మమ్మల్ని పిలవలేదండి

మొగల్తూరు నుంచి భీమవరం పక్కనున్న రొయ్యల ఫ్యాక్టరీకి పొద్దున్నే వ్యాను బయలుదేరుతుంది. అందులో డ్రైవరు వెనక సీటు వీరదుర్గది. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ కూలి మీదే పెంచింది. రొయ్య తల తుంచడం, పొట్టు వొలవడం, నల్లటి నరం లాగెయ్యడం ఆవిడ చేతులు వాటంతట అవే చేసుకుపోయేవి. ఐసు నీళ్ళలో నానీ నానీ వేళ్ళ కొసలు మొద్దుబారి, ఇంటికెళ్ళి అన్నం కలుపుకుంటే వేడి తెలిసేది కాదు.

వొలుపుడు హాల్లో ఆవిడ పక్కన చిన్నమ్మాయి కూర్చునేది. పేరుకే చిన్నమ్మాయి, నలభై దాటిన మనిషి. చుట్టరికం ఏమీ లేకపోయినా వీరదుర్గని "వదినా" అనేది. ఇంటి నుంచి తెచ్చిన చింతకాయ పచ్చడి ముందు వదిన కంచంలో పెట్టి గానీ తను ముద్ద ఎత్తేది కాదు.

వాళ్ళ మీద సూపర్‌వైజరు పెద్దిరాజు. చెడ్డవాడేం కాదు. ఎవరింట్లో పిల్లకి జ్వరమొచ్చినా తన బండి ఇచ్చి పంపేవాడు. ఎటొచ్చీ నోటితోనే చిక్కు. ఐసు మోసే మగవాళ్ళని "ఒరేయ్, రండ్రా" అనేవాడు. ఆడవాళ్ళని "ఒసేయ్, రండే" అనేవాడు. ఓనరు వచ్చిన పూట ఆ ఆడవాళ్ళే "అమ్మాయిలు" అయ్యేవారు. సరుకు కొనేవాళ్ళు చూడ్డానికి వస్తే "లేడీస్" అయ్యేవారు. పాలవాడితో, బస్సు కండక్టరుతో కూడా "అండీ" అని మాట్లాడే ఆ సీమలో, ఆ మాట మాత్రం ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి వచ్చేది కాదు.

"నా కొడుకు ఈడువాడు, నన్ను ఒసే అంటాడు" అని కృపారాణి అనే పెద్దావిడ గొణుక్కునేది. అతనికి వినబడేలా ఎవరూ అనలేదు.

ఒకసారి "టీ వచ్చింది, రండ్రా" అని కేకేస్తే ఆడవాళ్ళు కొందరు లేచి వెళ్ళారు.

"మిమ్మల్ని పిలిచానా? రండ్రా అంటే మగాళ్ళని. మీ వంతొచ్చినప్పుడు మిమ్మల్నే పిలుస్తాను, వెళ్ళి కూర్చోండే" అని వెనక్కి పంపేశాడు.

అప్పట్నుంచి "ఒరేయ్" అన్న కేక వినబడితే హాల్లో ఒక్క తలా తిరిగేది కాదు.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, అన్నాలు తిని మళ్ళీ పనిలో కూర్చున్నారో లేదో, చలిగది వెనక అమ్మోనియా పైపు పగిలింది. ఆ వాసన రోజూ కొంచెం ఉండేదే గనక ఎవరికీ తేడా తెలియలేదు. వీరదుర్గ మంచినీళ్ళు తాగడానికి లేచింది. అంతలో పెద్దిరాజు కేక వినబడింది.

"ఒరేయ్, బయటికి రండ్రా! పరిగెత్తండ్రా!"

వీరదుర్గ ఆగింది. అతని గొంతులో ఏదో తేడా ఉన్నట్టనిపించింది.

"లారీ వచ్చుంటాది వదినా. మనల్ని కాదులే" అంది చిన్నమ్మాయి, చేతిలో రొయ్య మీంచి చూపు ఎత్తకుండా.

వీరదుర్గ గుమ్మం దాకా వెళ్ళి చూసింది. మగవాళ్ళు తువ్వాళ్ళు మూతికి అడ్డం పెట్టుకుని గేటు వైపు పరిగెడుతున్నారు. వెనక నుంచి తెల్లటి పొగ నేల మీద పాకుతూ వస్తోంది. ఆవిడ వెనక్కి తిరిగి, పిల్లల్ని గోదారిలోంచి బయటికి పిలిచే తల్లిలా అరిచింది.

"లేవండర్రా! మనల్నేనర్రా! లేవండి!"

గుమ్మం దగ్గరున్నవాళ్ళు తోసుకుంటూ బయటపడ్డారు. తడిసిన నేల మీద బూట్లు జారి కొందరు పడ్డారు. వీరదుర్గ మళ్ళీ లోపలికి వెళ్ళి చేతికందిన వాళ్ళనల్లా లాక్కొచ్చింది. కళ్ళు మండిపోయి దారి కనబడలేదు. "చిన్నమ్మాయీ" అని పిలవబోతే గొంతు పెగల్లేదు. వీరదుర్గని కూడా ఎవరో బయటికి ఈడ్చారు.

చిన్నమ్మాయిని ఆఖర్న తీసుకొచ్చారు. రాజమండ్రి ఆసుపత్రిలో వారం తిరక్కుండానే పోయింది. వీరదుర్గ అదే వార్డులో, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో పడుకుని ఆ మాట విన్నది.

వీరదుర్గ ఇంటికొచ్చాక విచారణకి ఒక ఆఫీసరు ఫ్యాక్టరీకి వచ్చాడు. పైపు సంగతి అయ్యాక ఆడవాళ్ళని పిలిపించాడు.

"సూపర్‌వైజరు హెచ్చరించాడంటున్నారు. మీకు వినబడిందా?"

"ఆయ్, వినబడిందండి" అంది వీరదుర్గ.

"మరి వెంటనే బయటికి ఎందుకు రాలేదమ్మా?"

"మమ్మల్ని పిలవలేదండి."

ఆఫీసరు పెన్ను ఆపి చూశాడు. వీరదుర్గ ఆయాసం తగ్గేదాకా ఆగి చెప్పింది.

"ఆ పిలుపు మగాళ్ళదండి. మేం లేస్తే తిట్టేవోరు. రోజూ మాది కాని మాట ఆ ఒక్కరోజూ మాదవుద్దని మాకెలా తెలుస్తాదండి?"

ఆఫీసరు పెద్దిరాజు వైపు తిరిగాడు. "మీరు అందర్నీ పిలిచారా?"

అవునంటే అక్కడితో పోయేది. ఓనరు గారు పక్కనే ఉన్నారు. పెద్దిరాజు అవుననలేదు.

"అరిచేటప్పుడు నా కళ్ళ ముందు ఐసు దగ్గరున్నోళ్ళే ఉన్నారండి" అన్నాడు. "వీళ్ళు నాకు గుర్తు రాలేదు."

వీరదుర్గ అతని మీద కోపం దాచుకుని వచ్చింది. ఆ మాట విన్నాక దాన్ని ఎక్కడ పెట్టాలో ఆవిడకి తెలియలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచేసరికి చలి మొదలైంది. కొత్త పైపులు వేశారు, సైరను పెట్టారు. సైరనుతో పాటు మనిషి కేక కూడా అందరికీ ఒక్కటే ఉండాలని ఓనరు గారి కోడలు, సిటీలో ఉద్యోగం చేసే గీతిక మీటింగు పెట్టింది. మా ఆఫీసులో "గైస్" అంటామండీ, ఆడా మగా అందరం లేస్తాం అంది.

"గైసంటే ఎవరమ్మా?" అనడిగింది వీరదుర్గ.

"అసలైతే మగవాళ్ళేనండీ. ఇప్పుడు అందర్నీ అంటున్నారు."

"మళ్ళీ అందులో మేమున్నామో లేమో వెతుక్కోవాలి కదమ్మా."

పోనీ "రండర్రా" అంటే ఇద్దరికీ సరిపోతుంది కదా, ఆవేళ వీరదుర్గ కూడా "లేవండర్రా" అనే కదా అరిచింది అన్నాడు పెద్దిరాజు. కృపారాణి ఒప్పుకోలేదు.

"అది మా పిల్లల్ని మేం పిలుచుకునే మాట బాబూ. దుర్గ నోట బావుంటాది. నువ్వు అందరూ రండి అను, చాలు."

మర్నాడు టీ వేళకి పెద్దిరాజు హాలుకీ ఐసు గదికీ మధ్య నిలబడ్డాడు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. "అందరూ రండి" అన్నాడు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని లేచారు. ఐసు మోసే బుల్లబ్బాయికి అరవై ఏళ్ళుంటాయి. ఆయన మాత్రం గడప దగ్గరే నిలబడిపోయాడు.

"నన్ను కూడానా అండి?" అనడిగాడు.

ఆయన్ని కూడా అంతకుముందు అక్కడ ఎవరూ "రండి" అనలేదు.

వీరదుర్గ ఇప్పుడు రొయ్యలు వొలవడం లేదు. ఆ ఐసు నీళ్ళ దగ్గర కూర్చుంటే ఊపిరి ఆడదు. హాలు బాధ్యత ఆవిడకే ఇచ్చారు. ముసురు పట్టిందంటే రాత్రంతా దగ్గే. అయినా పని మానుకోమంటే వినదు. ఈమధ్య ఒరిస్సా నుంచి కొత్తవాళ్ళు వచ్చారు, భార్యాభర్తలు, అక్కాచెల్లెళ్ళు. తెలుగు ముక్క రాదు. వచ్చిన మొదటి రోజే వాళ్ళలో ఒకమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, చేతులతో సైగలు చేసి, అందర్నీ మర్యాదగా రమ్మనాలంటే మీరు ఏమంటారని అడిగింది. "సమస్తే ఆసంతు" అని చెప్పిందా పిల్ల.

వీరదుర్గ మధ్యలో దగ్గు వచ్చి ఆగుతూ, ఆ రెండు మాటలూ నోరు తిరిగేదాకా అంటూ ఉంది. కొత్తవాళ్ళు నవ్వారు. ఆవిడ మళ్ళీ అంది.